తడిపొడి మడి, ఆయకట్టు ఓటు

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి జరిగిన ఉపఎన్నికలో పి.వి.నరసింహారావు 5.80 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అప్పటికే ఆయన ప్రధాని. తెలుగువాడు ప్రధాని అయిన సందర్భమని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టలేదు. నంద్యాల ఆ ఎన్నికను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. అయితే ఆ తర్వాత రెండేళ్లలో తమ ఎంపీ ప్రభుత్వం చేసిన రెండు పనులు తమ పొలాల దాకా ఎలా వచ్చాయో, ఎక్కడ ఆగిపోయాయో ఈ ప్రాంతం ఇంకా పూర్తిగా లెక్క తీయలేదు.

మొదటిది: 1992 జూన్‌లో రియో డి జనీరో ధరిత్రీ సదస్సులో ఐక్యరాజ్య సమితి వాతావరణ ఒప్పందంపై భారత్ సంతకం చేసింది. 1993 నవంబరు 1న ధ్రువీకరించింది. రెండోది: 1992 డిసెంబరులో పార్లమెంటు 73వ, 74వ రాజ్యాంగ సవరణలను ఆమోదించింది. గ్రామ పంచాయతీలకు సంబంధించిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దక్కింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలతో పదకొండో షెడ్యూలు వచ్చింది.

ఆ షెడ్యూలును ఒకసారి నిదానంగా చదవండి. భూసార పరిరక్షణ, చిన్నతరహా సాగునీరు, నీటి నిర్వహణ, పరీవాహక ప్రాంత అభివృద్ధి, సామాజిక అడవులు, తాగునీరు, వంటచెరకు, పశుగ్రాసం, సంప్రదాయేతర ఇంధనం అన్నీ అందులో ఉన్నాయి. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి ఒక ఊరు చేయవలసిన పనుల జాబితా రాయమంటే నేను దాదాపు ఇదే రాస్తాను. ఒకే ప్రభుత్వం రెండేళ్లలోపు తెచ్చిన ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవడమే ఈ అధ్యాయం పని. ఒకటి లేకుండా రెండోది నడవదని నా వాదన. ఈ వాదనకు రుజువులు నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లోనే ఉన్నాయి.

రెండు కొండల నడుమ

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. నడుమ నల్లరేగడి నేల. ఆ నేల గుండా కుందూ నది దక్షిణానికి పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. 1906 నుంచి నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. పత్తి, శనగ, కొర్ర రకాలు అక్కడినుంచి వచ్చాయి. కాలువ కింద మాత్రం వరిదే రాజ్యం.

ఈ లోయకు వాన కొత్త కాదు, కరువూ కొత్త కాదు. రెండూ ఒకే ఏడాదిలో, ఒకదాని వెంట ఒకటి ముదిరి రావడమే కొత్త. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. వేడి గాలి నేలలోని తేమను ఎక్కువగా లాగేస్తుంది, అంచేత వానల మధ్య ఎడం వచ్చినప్పుడు పైరు తొందరగా వాడుతుంది. అదే గాలి కురిసినప్పుడు ఎక్కువ నీళ్లను ఒక్కసారే దించుతుంది. కాబట్టి ఏడాది మొత్తం వర్షపాతం మారకపోయినా రైతుకు మాత్రం కరువూ వరదా రెండూ తప్పవు.

2009 గుర్తుచేసుకుందాం. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు దేశమంతటా దారుణంగా విఫలమయ్యాయి. ఆగస్టులో మేఘాల కోసం చూసిన కర్నూలు జిల్లానే అక్టోబరు 2న మునిగింది. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. నిండు మట్టం 885 అడుగులైతే నీళ్లు దాన్ని దాటి 896 అడుగుల దాకా లేచాయి. పదేళ్ల తర్వాత, 2019 సెప్టెంబరులో కుందూ, దాని వాగులు పొంగినప్పుడు మహానంది ఆలయంలోకి నీళ్లొచ్చాయి. ఏ ఒక్క వరదకూ వాతావరణ మార్పు ఒక్కటే కారణమని చెప్పలేం. అయితే ఇలాంటివి ఎక్కువయ్యే దిశగానే భౌతికశాస్త్రం వేలు చూపిస్తోంది.

నీళ్లు మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎవరి షట్టరు ఎత్తాలి, ఎవరిది దించాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఎవరిదో తేల్చేది రాజకీయమే.

బుడగ వెనక ఉన్న భయం

వరి మడిలో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు నేలలోకి గాలి పోదు. మొదటి కొన్ని రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. ఇక గాలి అక్కర్లేని సూక్ష్మజీవుల వంతు. కుళ్లుతున్న వేళ్లనూ గడ్డినీ తిని అవి మీథేన్‌ను వదులుతాయి. కొంత బుడగలుగా పైకి వస్తుంది. ఎక్కువ భాగం వరి దుబ్బు లోపలి సన్నని గాలి గొట్టాల గుండా ఆకాశంలో కలుస్తుంది. మీథేన్ గాలిలో పన్నెండేళ్ల పాటే ఉంటుంది. అయినా నూరేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది.

దీనికి విరుగుడు తెలిసిందే, ఖర్చు కూడా దాదాపు లేదు. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా కొన్నాళ్లు ఆరనిచ్చి మళ్లీ తడపాలి. దీన్నే తడిపొడి పద్ధతి అంటారు. అడుగు పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్కకు చుట్టూ రంధ్రాలు పొడిచి, సగానికి పైగా మట్టిలో దిగేసి, లోపలి మట్టి తీసేస్తారు. పైపులోకి తొంగి చూస్తే నేల కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కనిపిస్తుంది. మడిపైన మట్టి నెర్రె విచ్చినా ఫరవాలేదు. పైపులో నీళ్లు 15 సెంటీమీటర్ల లోతుకు దిగేదాకా వేళ్లకు తడి అందుతూనే ఉంటుంది. అప్పుడు మళ్లీ నీళ్లు పెడితే చాలు. పూత దశలో మాత్రం మడి ఆరనీయకూడదు. ఇలా సరిగ్గా చేస్తే దిగుబడి తగ్గకుండానే మీథేన్ మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది. ఎరువును అదునుకు వేస్తే దాన్నీ అదుపులో పెట్టవచ్చు.

మరి కాలువ కింద రైతులందరూ ఈ పద్ధతి ఎందుకు పాటించడం లేదు? తెలియక అని చాలామంది అనుకుంటారు. అది పాక్షిక సత్యమే. కర్నూలు–కడప కాలువ కింద మడి ఉన్న రైతు స్థానంలో నిలబడి ఆలోచించండి. ఈరోజు కాలువలో నీళ్లున్నాయి. పది రోజుల తర్వాత ఉంటాయో లేదో చెప్పేవాళ్లు లేరు. మడి ఆరబెట్టిన నాడే కాలువ ఆగితే ఆ ఏటి పంట, దాని మీద తెచ్చిన అప్పు రెండూ మీద పడతాయి. అందుకే నీళ్లున్నప్పుడే గట్ల దాకా నింపుకుంటాడు. మడిలో నిలిచిన ఆ నీళ్లే అతని బీమా. అక్కడినుంచి లేచే మీథేన్‌కు మూలం సూక్ష్మజీవిలో ఎంత ఉందో, నీళ్లు మళ్లీ రావేమోనన్న ఆ భయంలోనూ అంతే ఉంది.

ఈ భయం పోవాలంటే వంతు తప్పకుండా వస్తుందన్న నమ్మకం కుదరాలి. కాలువ ఎప్పుడు వదులుతారో ముందే తెలియాలి, పైవాడు తన వంతు మించి తోడుకుంటే అడిగే దిక్కు ఉండాలి, అడిగినవాడికి జవాబు రావాలి. ప్రజాస్వామ్యం అనే మాటకు కాలువ గట్టు మీద ఇదే అర్థం. ఈ నమ్మకం కుదరని చోట ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా, ఎన్ని కార్బన్ క్రెడిట్ల ఆశ చూపినా, రైతు మడి ఆరబెట్టడు.

చివరి ఊళ్లు నేర్పిన పాఠం

కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. కంపెనీ నష్టాల్లో కూరుకుపోవడంతో 1882లో ప్రభుత్వం తీసుకుంది. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి మొదలై కడప దాకా 306 కిలోమీటర్లు సాగే ఈ కాలువ కింద 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఇంత పొడవైన కాలువ మీద ప్రతి ఊరూ ఒకరికి చివర, ఇంకొకరికి మొదలు. నంద్యాల రైతుకు పైనున్నవాళ్ల మీద ఫిర్యాదు ఉంటుంది. ఆళ్లగడ్డ వైపు రైతుకు నంద్యాల మీద, మైదుకూరు వైపు వాళ్లకు ఆళ్లగడ్డ మీద అదే ఫిర్యాదు.

1970ల చివర్లో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా ఊళ్లలో తిరిగి ఒక చిత్రమైన సంగతి గమనించాడు. కొన్ని ఊళ్లకు, ఏ చట్టమూ చెప్పకుండానే, సొంత సాగునీటి ఏర్పాట్లు ఉన్నాయి. ఊరి పెద్దల మండలి ఒకటి, దానికి ఉమ్మడి నిధి. అందరి మడులకూ నీళ్లు పారించే మనుషులు, పంట కాపలాదారులు, వాళ్లకు జీతాలు. నిధికి డబ్బు కూడా ఊళ్లోనే పుట్టేది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకొనే హక్కును మండలి అమ్మి ఆ సొమ్ము నిధిలో వేసేది. పక్కనే ఉన్న మరికొన్ని ఊళ్లలో ఇవేవీ లేవు. కులాల పొందికలోనో, నాయకుల మంచితనంలోనో తేడా ఉందేమో అని వెతికితే అక్కడ జవాబు దొరకలేదు. నీళ్లు సమృద్ధిగా అందే పైఊళ్లకు ఇలాంటి ఏర్పాటు అవసరం పడలేదు. కాలువ చివర, నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లే కూడబలుక్కున్నాయి. 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ పేరుతో వచ్చిన ఆయన పుస్తకం ఉమ్మడి వనరుల అధ్యయనంలో మైలురాయి అయింది. తర్వాత నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా తన రచనల్లో వేడ్ పరిశీలనను ఉటంకించారు.

వాతావరణ మార్పు కాలంలో ఈ పరిశీలనకు కొత్త బలం వచ్చింది. నీటి ఎద్దడి వస్తే జనం కొట్టుకు చస్తారని ఊరికే అంటాం. ఎద్దడే మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టగలదని ఈ ఊళ్లు చూపించాయి. అయితే వేడ్ చూసిన ఏర్పాటుకు ఒక హద్దు ఉంది. ఊళ్లోపలి పంపకాన్ని ఊరు సర్దుకుంటుంది. పైఊరుతో తగవు వచ్చినప్పుడు మాత్రం దాని చేతిలో ఏమీ లేదు. అక్కడ ఇంజనీరును పట్టుకోవాలి, నాయకుడి సిఫారసు కావాలి, డబ్బు ముట్టజెప్పాలి. దక్షిణ భారత కాలువల్లో ఈ డబ్బు బదిలీలు, పోస్టింగుల దాకా ఎలా ప్రవహిస్తుందో 1982లో వేడ్ రాసిన వ్యాసం వివరించింది. ఊరి గట్టు దాటాక ప్రజాస్వామ్యం చట్టం రూపంలో రావాల్సిందే.

చట్టం వచ్చింది, ఎన్నిక ఆగింది

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అలాంటి చట్టమే చేసింది. సాగునీటి వ్యవస్థల యాజమాన్యంలో రైతులకు భాగం ఇచ్చే ఆ చట్టం కింద అదే ఏడాది జూన్‌లో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. పిల్లకాలువ స్థాయిలో సంఘం, దానిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ అని అంచెలు పెట్టారు. ప్రపంచంలోనే ఇంత పెద్ద ఎత్తున ఒకేసారి ఇలా చేసిన ప్రయత్నాలు అరుదు. పూడిక తీశారు, తూములు బాగుచేశారు, చాలాచోట్ల చివరి భూములకు నీళ్లు చేరాయి.

తర్వాత ఏమైంది? ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. 2015లో ఓటింగు లేకుండా ‘ఏకాభిప్రాయం’తో కమిటీలు వేశారు. వాటి గడువు తీరాక ఏళ్ల తరబడి సంఘాలు లేవు. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టినప్పుడు కూడా ఎక్కువ చోట్ల ఏకగ్రీవాలే. ఏకగ్రీవం ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నాక కుదిరితే అది బలం. ఎదురు నిలబడే ధైర్యం ఎవరికీ లేక కుదిరితే అది భయం. ఫ్యాక్షన్ల చరిత్ర ఉన్న రాయలసీమలో ఈ రెండింటి తేడా ఎవరికీ వివరించక్కర్లేదు.

పంచాయతీలదీ అదే కథ. రాజ్యాంగం ఐదేళ్లన్నా, 2011లో గడువు తీరితే ఎన్నికలు 2013లో జరిగాయి. 2018లో తీరితే 2021 ఫిబ్రవరిలో జరిగాయి. నడుమ ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన సర్పంచి లేని ఆ కాలంలో వాగు గట్టు తెగితే, చెరువు తూము పాడైతే, ఓటు భయంతో పరుగెత్తుకొచ్చే మనిషి ఊళ్లో లేడు.

చట్టంలోనూ లోపాలున్నాయి. ఆయకట్టు సంఘంలో ఓటు భూమికి ముడిపడి ఉంది. కాగితం లేని కౌలు రైతు, మోకాలి లోతు బురదలో నాట్లు వేసే కూలి మహిళ ఆ ఓటర్ల జాబితాలో ఉండరు. మడిని ఆరబెట్టాలా వద్దా అని రోజూ తేల్చుకునేది కౌలు రైతు, ఆరిన మడిలో పెరిగే కలుపు తీసేది కూలి మహిళ. తడిపొడి పద్ధతిని నిజంగా నడిపే చేతులకు ఓటు లేకపోతే సంఘం తీర్మానం కాగితం మీదే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం, ఎగువన జరిగే నిర్ణయాలు ఈ సంఘాలకు అందకపోవడం. శ్రీశైలంలో కనీస నీటిమట్టాన్ని 2004లో 854 అడుగులుగా నిర్ణయించారు. ఆ మట్టం నిలిస్తేనే పోతిరెడ్డిపాడు తూముల గుండా సీమకు తగినన్ని నీళ్లు వస్తాయి. నిలిచిన ఏళ్లు తక్కువ. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు ఇచ్చిన నీటి హామీ నుంచి నేటి దాకా ఇదే నొప్పి. 2016 మే 31న నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి పిలుపు మీద, కృష్ణపై సిద్ధేశ్వరం అలుగుకు తామే శంకుస్థాపన చేస్తామని వేలమంది రైతులు కదిలారు. పోలీసులు అడ్డుకున్నారు. అలుగు కట్టాలా వద్దా అన్న సాంకేతిక చర్చ వేరు. నీటి నిర్ణయంలో తమ మాట వినే వేదిక లేదు కనుకనే రైతులు రోడ్డెక్కారు. ఆ సంగతిని ప్రభుత్వాలు చెవిన పెట్టాలి.

గోడ మీద రాసిన లెక్క

కాలువ అందని మెట్టలో బోరే దిక్కు. 2000లలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో కర్నూలు సహా ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా ఊళ్లలో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల నిర్వహణ పథకం నడిచింది. దాని పద్ధతి ముచ్చటైనది. ఊరి రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ, వానమాపకంలో రోజూ వాన కొలిచారు. ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం చూశారు. రబీకి ముందు ఒకే వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ కలిసి లెక్క కట్టాయి: ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, మనం వేద్దామనుకున్న పంటలకు ఇంత కావాలి, తేడా ఇంత. ఆ అంకెలను అందరూ చూసేలా గోడల మీద రాశారు.

వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క చూసినవాళ్లలో చాలామంది తమంతట తామే వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారని ప్రపంచ బ్యాంకు అధ్యయనం నమోదు చేసింది. భూమి కింద నీళ్లు కంటికి కనబడవు. కనబడని దాని గురించి తగవు పడతాం, కనబడితే పొదుపు చేస్తాం. అయితే ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలాచోట్ల కొలతలూ ఆగాయి. ఆ సంఘాలకు జ్ఞానం ఇచ్చారు, చట్టబద్ధమైన అధికారం ఇవ్వలేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్ల మీద అధికారం అధికారులకు ఇచ్చింది గానీ వారి చేతిలో ఆ ఊరి లెక్క లేదు. లెక్క ఒకరి దగ్గర, అధికారం ఇంకొకరి దగ్గర ఉన్నంతకాలం నీరు ఎవరి మాటా వినదు.

ఎండను అమ్మే భూములు

ఇదే లోయ అంచున దేశపు కొత్త ఇంధనం పుడుతోంది. గని, శకునాల ఊళ్ల పరిధిలో సుమారు 5,900 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుకు 2022 మే 17న శంకుస్థాపన జరిగింది. పగటి ఎండ, గాలి కరెంటుతో నీళ్లను పైజలాశయానికి ఎక్కించి, రాత్రి గిరాకీ వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఆ నీళ్లను మొదట ఒక్కసారి గోరకల్లు జలాశయం నుంచి తీసుకుంటే చాలు, తర్వాత ఆవిరైన మేరకే నింపాలి. బొగ్గును దించాలంటే ఇవి కావాలి. నేను వీటిని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కోరుకుంటున్నాను కనుకనే ఒక మాట చెప్పాలి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద సోలార్ ఫలకల ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అనుమతి అక్కర్లేదు కనుక ప్రజాభిప్రాయ సేకరణా తప్పనిసరి కాదు. వేల ఎకరాల కొండవాలు కంచె లోపలికి పోతున్నప్పుడు, అక్కడ గొర్రెలు మేపుకొనే కుటుంబాలు, డి.పట్టా భూమి సాగుచేసుకునేవాళ్లు, ఆ వాలు మీది వాన నీటితో నిండే కుంటలు ఏమవుతాయో బహిరంగంగా అడిగే సభ ఒకటి జరిగి తీరాలి. పైగా సంప్రదాయేతర ఇంధనం పంచాయతీలకు అప్పగించదగిన అంశమని పదకొండో షెడ్యూలే చెబుతోంది. ఊరిని అడగకుండా వచ్చిన పచ్చ ఇంధనం మీద ఊరికి ప్రేమ పుట్టదు. రేపు ఇంకో పార్కు కట్టాల్సి వచ్చినప్పుడు ఆ కోపమే అడ్డు నిలుస్తుంది.

చేయవలసినవి

పెద్ద విప్లవాలు అక్కర్లేదు. ఉన్న చట్టాలను నిజాయితీగా నడపడమే సగం సంస్కరణ.

పంచాయతీలకూ నీటి సంఘాలకూ గడువు తీరకముందే, రహస్య ఓటుతో ఎన్నికలు జరగాలి. వాయిదాకు ప్రభుత్వం ఇష్టం కారణం కాకూడదు. నీటి సంఘాల్లో కౌలు రైతులకూ వ్యవసాయ కూలీలకూ ఓటుండాలి, ప్రాజెక్టు కమిటీల్లో చివరి ఆయకట్టు ఊళ్లకు స్థానాలు కేటాయించాలి. ప్రతి డిస్ట్రిబ్యూటరీ మొదట్లో, చివర్లో నీటి కొలబద్ద నాటి, ఆనాటి అంకెను ఎవరైనా ఫోన్లో చూసుకునేలా చేయాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కాలువ వదులుతారో సీజనుకు ముందే గ్రామసభలో ప్రకటించి, మాట తప్పితే సంజాయిషీ ఇవ్వాలి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఏటా ఊరి నీటి బడ్జెట్ ఉండాలి, దాని మీద తీర్మానానికి వాల్టా కింద విలువ ఉండాలి. పెద్ద సోలార్, పవన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేయాలి, ఆదాయంలో కొంత వాటా పంచాయతీ ఖాతాకు రావాలి.

ఇవి జరిగితే తడిపొడి పద్ధతికి ప్రచారం పెద్దగా అవసరం ఉండదు. పదో రోజున నీళ్లు వస్తాయని తెలిసిన రైతు ఐదో రోజున తానే మడిని ఆరబెడతాడు. ఉద్గారాలు తగ్గించమని రైతును అడిగే ముందు, కాలువ గురించి రైతు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పే వ్యవస్థ కావాలి. 1992లో నంద్యాల ఎంపీ ప్రభుత్వం ప్రపంచానికి ఒక మాట, పల్లెకు ఒక మాట ఇచ్చింది. పల్లెకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటేనే ప్రపంచానికి ఇచ్చిన మాట నిలుస్తుంది.